రుమాటిక్ గుండె జబ్బు - దీర్ఘకాలిక చికిత్స

రుమాటిక్ జ్వరం వలన గుండె కవాటాలు దెబ్బతినడాన్ని రుమాటిక్ గుండె జబ్బు అంటారు. స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా వలన గొంతునొప్పి వచ్చిన కొన్ని వారాలకు, ముఖ్యంగా 5 నుండి 15 సంవత్సరాల పిల్లలలో, ఈ జ్వరం కనిపిస్తుంది. బాక్టీరియాను ఎదుర్కొనవలసిన శరీర రక్షణ వ్యవస్థ కీళ్ళపైన, గుండెపైన కూడా దాడి చేయడం దీనికి కారణం. కీళ్ళవాపు తగ్గిపోయినా కవాటాలకు కలిగిన నష్టం మిగిలిపోవచ్చును.

చికిత్స

జ్వరం తిరగబెట్టిన ప్రతిసారీ కవాటాలు మరింత పాడవుతాయి. దీనిని నివారించడానికి 3 లేక 4 వారాలకు ఒకసారి 12 లక్షల యూనిట్ల బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇస్తారు. 27 కిలోల లోపు పిల్లలకు మోతాదు 6 లక్షల యూనిట్లు. పెన్సిలిన్ పడనివారికి ఎరిత్రోమైసిన్ మాత్రలు ఇస్తారు.

చికిత్సా కాలం

* గుండెకు వాపు సోకనివారికి: 5 సంవత్సరాలు లేదా 21 ఏళ్ళు నిండేవరకు.
* కవాటాలు దెబ్బతిన్నవారికి: 10 సంవత్సరాలు లేదా 40 ఏళ్ళు నిండేవరకు, కొందరికి జీవితాంతం.

రెండు గడువులలో ఏది ఎక్కువైతే దానిని పాటించాలి. పిల్లలు ఆరోగ్యంగా కనిపిస్తున్నారని మధ్యలో ఇంజెక్షన్లు మానివేయడం ప్రమాదకరం. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం ద్వారా పేదలకు కవాట మార్పిడి శస్త్రచికిత్స అందుబాటులోకి వచ్చింది. అయితే కవాటం మార్చిన తరువాత కూడా పెన్సిలిన్ కొనసాగించవలసి ఉంటుంది.