వెనక అరుగు మీద చిన్న పడవ

సఖినేటిపల్లి రేవులో పంటు మీదికి కారు ఎక్కుతున్నప్పుడు కారును కాదు, పంటు అంచును చూడాలి. ముందు చక్రాలు బల్ల దాటి పంటు మీద పడగానే రేవు వైపు కొస నీళ్లలోకి దిగుతుంది, నది వైపు కొస పైకి లేస్తుంది. కారు నడిమికి చేరేసరికి రెండు కొసలూ మళ్లీ సర్దుకుంటాయి. ఈలోగా కారు బరువేమీ మారలేదు. అది నిలబడిన చోటు మారింది, అంతే. వసిష్ఠ దాటి నరసాపురం వైపు బళ్లు చేర్చే సరంగుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. మరబోటు వెనక అరుగు మీద చిన్న పడవను మోసుకెళ్లడంలో ఉన్న కిటుకంతా కూడా ఇదే. ఎంత బరువు అన్నదానికంటే ఎక్కడ బరువు అన్నది ముఖ్యం. ప్రయాణంలో కంటే ఆ బరువు నీటిని వదిలే రెండు నిమిషాల్లో అది ఇంకా ముఖ్యం.

విదేశాల్లో షికారుకు వాడే మరబోట్లకు వెనకవైపు, అంటే మన పాత పడవవాళ్ల మాటలో అమరం దగ్గర, నీటికి జానెడు ఎత్తున ఒక అరుగు ఉంటుంది. ఈతకు దిగడానికీ, తిరిగి ఎక్కడానికీ అది మెట్టు. దాని మీదే ఒక చిన్న రబ్బరు పడవను కట్టుకుంటారు. పెద్ద బోటు లోతు నీటిలో లంగరేసుకుంటే, ఒడ్డుకు పోయిరావడానికి చిన్నది కావాలి. ఈ అవసరం మనకు కొత్త కాదు. కోనసీమలో గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నిండా ఇసుక మేటలే. దిండి హౌస్‌బోటు లాంటిది ఏ లంక ఒడ్డుకైనా ఆనుకోవాలంటే అడుగు తగులుతుంది, నాటు పడవ మాత్రం మోకాలి లోతులోనూ పోతుంది. మన దగ్గర చిన్నదాన్ని తాడుతో వెనక కట్టి లాక్కుపోతారు, అక్కడ ఎత్తి పెట్టుకుంటారు.

ఒక లెక్క వేసి చూద్దాం. 8 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు, 3 టన్నుల బరువున్న మరబోటు అనుకోండి. చిన్న పడవ, దాని మోటారు కలిపి 160 కిలోలు. ఈ బరువును బోటు నడుమ పెడితే బోటంతా సమంగా ఒక సెంటీమీటరు దిగుతుంది, ఎవరి కంటికీ ఆనదు. అదే బరువును నడుమ నుంచి నాలుగున్నర మీటర్ల దూరాన, వెనక అరుగు మీద పెడితే బోటు తూనిక కాడలా వాలుతుంది. వెనక భాగం దాదాపు 5 సెంటీమీటర్లు దిగి, ముందు భాగం 3 సెంటీమీటర్లు లేస్తుంది. ఐదు సెంటీమీటర్లే కదా అనిపించవచ్చు. కానీ ఇంజనూ డీజిల్ ట్యాంకూ చాలా బోట్లలో వెనకే ఉంటాయి. పొగ గొట్టం, డెక్కు మీది నీరు పోయే తూములు కూడా అక్కడే నీటి గీతకు కాస్త పైన ఉంటాయి. ఉన్న ఎడమే బెత్తెడు అయినచోట ఐదు సెంటీమీటర్లు చిన్న లెక్క కాదు.

ఇక ఎత్తడం. అసలు చిక్కు ఇక్కడే. చిన్న పడవ నీటిలో ఉన్నంతసేపూ దాని బరువును నీరే మోస్తుంది. తాడు బిగిసి అది నీటిని వదిలిన క్షణాన బరువంతా పెద్ద బోటు మీదికి వస్తుంది, అదీ చిన్న పడవ ఉన్న ఎత్తులో కాదు, తాడు వేలాడే దూలం కొసన. కావడి బద్దకు బిందెను జానెడు తాడుతో కట్టినా బారెడు తాడుతో కట్టినా భుజానికి బరువు తెలిసేది బద్ద కొస నుంచే కదా, ఇదీ అంతే. పక్క నుంచి ఎత్తే దూలమైతే ఆ 160 కిలోలు బోటు నడిమి గీతకు 1.8 మీటర్ల దూరాన వేలాడుతాయి. మన ఉదాహరణలోని బోటు దానికి నాలుగు నుంచి ఆరు డిగ్రీలు ఒరుగుతుంది. సరిగ్గా అప్పుడే, తాడు పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు అదే పక్కకు వంగుతారు.

నీటిని వదిలేటప్పుడు బరువు ఎలా బయటపడుతుందో గోదావరి వాళ్లు 2019లో చూశారు. సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన రాయల్ వశిష్ఠ బోటును కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం ఒడ్డుకు చేర్చేసరికి అక్టోబరు 22 అయింది. లోతు, వరద ఒరవడి ఒక ఎత్తు. మునిగిన పడవలో చేరిన నీరూ బురదా ఒక ఎత్తు. నీటి అడుగున ఉన్నప్పుడు లోపలి నీటికి బరువే ఉండదు, పైకి తేలుతున్నకొద్దీ అది లాగేవాళ్ల చేతుల మీద పడుతుంది. చిన్న పడవకూ ఇదే సూత్రం. మూడు మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పున్న పడవలో పది సెంటీమీటర్ల వాన నీరు నిలిచిందంటే 360 కిలోలు, అంటే పడవకూ మోటారుకూ కలిపి ఉన్న బరువుకు రెండింతలకు మించి. పైగా అది కదిలే బరువు, బోటు ఎటు ఒరిగితే అటే పరుగెడుతుంది.

కార్లనే మోసే పంటు ఉండగా, నూట అరవై కిలోల రబ్బరు పడవకు ఇంత రాద్ధాంతమా అని అడగవచ్చు. పంటు వెడల్పే పంటు బలం. నీటిని తాకే వెడల్పు రెండింతలైతే ఒరుగుడును ఎదిరించే శక్తి రెండింతలు కాదు, ఎనిమిదింతలవుతుంది. రెండు నాటు పడవలను పక్కపక్కన బిగించి పైన బల్లలు పరిస్తే, ఒక్కోటీ విడిగా మోయలేని బండిని జంటగా మోసేది అందుకే. సన్నగా, వేగంగా పోయేలా చెక్కిన మరబోటుకు ఆ సుఖం లేదు. మరి ఎత్తే గొడవే లేకుండా మనలా లాక్కుపోతే పోదా అన్నది రెండో ప్రశ్న, అది కాస్త గట్టిది. నిదానంగా సాగే పాయలో, చిన్న దూరాలకు అదే మేలని నేనూ ఒప్పుకుంటాను. కానీ అంతర్వేది దగ్గర సాగర సంగమంలో అలలు మొదలయ్యాక వెనక పడవ ఒకసారి తాడును తెంపేలా గుంజుతుంది, ఇంకోసారి అల మీద జారి పెద్దదాన్ని గుద్దుతుంది. బోటు వెనక్కి తిప్పినప్పుడు సడలిన తాడు పంకాకు చుట్టుకుందంటే ఇంజను అక్కడికక్కడే ఆగిపోతుంది.

కాబట్టి ఎత్తక తప్పని చోట, వేలాడదీయకుండా ఎత్తే పద్ధతులే నయం. ఒకటి తలుపు పద్ధతి. చిన్న పడవ ఒక అంచును అరుగు అంచుకు బందులతో తగిలించి, రెండో అంచును తాడుతో లేపి నిలబెడతారు. సగం బరువు బందుల మీదే ఉంటుంది కనుక తాడు మోసేది తొలుత మిగతా సగమే, నిలువుకు దగ్గరయ్యేకొద్దీ అదీ తగ్గుతుంది. మోటారు మాత్రం ముందే ఊడదీయాలి, లేకపోతే ఒక కొసే బరువై బందులు మెలిపడతాయి. దీని లోపం గాలి. నిలబెట్టిన పడవ తెరచాపలా గాలిని పడుతుంది, వెనక ఏముందో నడిపేవాడికి కనపడనివ్వదు. రెండో పద్ధతిలో అరుగే హైడ్రాలిక్ చేతుల మీద నీళ్లలోకి దిగుతుంది. చిన్న పడవ తేలుతూ వచ్చి మునిగిన దిమ్మెల నడుమ నిలుస్తుంది, అరుగు దాన్ని అడుగు నుంచి ఎత్తుకుంటుంది. పంటు దగ్గరికి కారు వచ్చినట్టు కాక, కారు కిందికే పంటు వచ్చిందన్నమాట. ఖరీదెక్కువ, ఆ యంత్రాంగం బరువూ మళ్లీ వెనకే పడుతుంది. బోటు తయారుచేసినవాళ్లు అరుగుకు రాసిన పరిమితిలోంచి ముందు దాన్ని తీసేసి, మిగిలినదే చిన్న పడవకు లెక్కగట్టాలి.

ఏ పద్ధతైనా పోటు ఆగి పాటు మొదలయ్యే ఆ కాసేపట్లో, ఒరవడి చచ్చినప్పుడు ఎత్తితే సగం పని నదే చేసిపెడుతుంది. ఎత్తి కట్టాక చిన్న పడవ అడుగున ఉండే బిరడా తీసి ఉంచాలి, రాత్రి వాన కురిసినా నీరు నిలవకుండా. పొద్దున దింపేముందు దాన్ని మళ్లీ బిగించడం మరిచిపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.