మానుపసుపు: రంగు, అందులోని క్రిమినాశక గుణము

తమిళనాడులో మరమంజళ్ అనియు, కర్ణాటకములో మరద అరిశిన అనియు పిలుచు కర్రను మనము మానుపసుపు అందుము. పడమటి కనుమల అడవులలో పెరుగు పెద్ద తీగ కాండమది. గీకి చూచిన లోపల పచ్చగా నుండును, నాలుకకు కటిక చేదు. మూలికారంగు బట్టలు సూక్ష్మక్రిములను చంపునని చెప్పి అమ్ముట ఈనాడు సామాన్యమైనది. ఆ మాటను మన చీరల చీటీలపై అచ్చువేయుటకు ముందు అందులో నిజమెంతయో తెలిసికొనుట అవసరము.

ఆ పచ్చదనమునకు కారణము బెర్బరిన్ అను ద్రవ్యము. మొక్కలలో పుట్టు, నత్రజనితో కూడిన ఇట్టి ద్రవ్యములను ఆల్కలాయిడ్లు అందురు. సింకోనా బెరడులోని క్వినైను, నల్లమందులోని మార్ఫీను ఈ జాతివే. వంటయింటి పసుపులోని కర్క్యుమిన్‌లో నత్రజని లేదు, కావున అది ఆల్కలాయిడు కాదు; పేరు కలిసినంత మాత్రాన రెండు పసుపులు ఒకటి కావు. హిమాలయములలోని దారుహరిద్రలోను, నీలగిరుల ముళ్లపొద యొకదానిలోను ఇదే బెర్బరిన్ కలదు. ఆ నీలగిరి పొదకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు బెర్బరిస్ టింక్టోరియా. అద్దకమునకు పనికివచ్చునది అని దాని భావము. చైనావారు వేరొక చెట్టు బెరడునుండి ఈ రంగునే తీసి, పురుగు పట్టకుండ కాగితములకు పట్టించిరి. క్రీ.శ. 868లో అచ్చయిన వజ్రచ్ఛేదిక సూత్రపు ప్రతి అట్టి కాగితము మీదనే యున్నది.

మూలికారంగులలో చాలవాటికి పటిక వంటిది తోడు లేనిదే పోగుకు పట్టు చిక్కదు. బెర్బరిన్ సంగతి వేరు. నీటిలో కరిగినప్పుడు దాని అణువు ధనావేశము కలిగియుండును. మనవారెరిగిన మెజెంటా, మిథైల్ వయొలెట్ రంగులును ఈ కోవలోనివే. పట్టుపోగులో ఋణావేశముగల తావులున్నవి. అందుచేత జిగురు తీసిన పట్టు ఈ రంగును పటిక లేకయే పీల్చుకొనును. పట్టుకు ఆమ్లరంగులు వేయునప్పుడు తొట్టిలో కొంత ఆసిడ్ కలుపుట మన అలవాటు. ఇక్కడ అది చెరుపు చేయును. ఆమ్లము హెచ్చినకొలది పట్టులోని ఋణావేశము తగ్గి, రంగు నీటిలోనే నిలిచిపోవును. అట్లని సోడా పోసిన పట్టే చెడును. మామూలు నీరే మేలు.

నూలులో అట్టి తావులు బహు తక్కువ. చిలపలను ముందు కరక్కాయ నీటిలో నానవేసి ఆరబెట్టినచో, వగరులోని టానిన్ ఈ రంగును పట్టియుంచును. ఎండకు మాత్రము ఇది ఓర్వదు. దుకాణములో వెలుతురు తగులుచోట వ్రేలాడదీసిన చీర వెలసిపోవును.

ఇక క్రిముల మాట. బెర్బరిన్ బాక్టీరియాలో ప్రవేశించి దాని డి.ఎన్.ఏ.ను అంటుకొనును, కణము రెండుగా చీలుటకు కావలసిన ప్రోటీనును అడ్డగించును. బంగ్లాదేశ్‌లో రోగులకిచ్చి చూచి 1987లో ప్రకటించిన ఫలితములలో, ఒక జాతి ఇ. కోలై వలని విరేచనములు బాగుగా తగ్గినవి; కలరాలో గుణము స్వల్పము. చర్మముపై చీముగడ్డలు లేపు స్టాఫిలోకాకస్ మరింత గడుసుది. లోనికి వచ్చిన బెర్బరిన్‌ను తన పొరలోని పంపుతో బయటికి తోడివేయును. 2000లో అమెరికాలో ఫ్రాంక్ స్టెర్మిట్జ్, కిమ్ లూయిస్ మొదలగువారు ఒక చిత్రమును కనుగొనిరి. బెర్బరిస్ పొద బెర్బరిన్‌తోపాటు మరొక ద్రవ్యమును గూడ తయారుచేయుచున్నది. అది ఒంటరిగా ఏ క్రిమిని చంపదు, కాని ఆ పంపును మూసివేయును! విడదీసి శుద్ధిచేసిన ఆల్కలాయిడు కొన్నియెడల మొక్కకంటె బలహీనమగుట ఇందువలననే. ఆ పరిశోధన బెర్బరిస్ పొదపై జరిగినది, మన తీగపై కాదు.

గుడ్డపైనను పరీక్షలు జరిగినవి. 2005 ప్రాంతమున దక్షిణ కొరియా పరిశోధకులు నూలుగుడ్డకు ముందుగా ఋణావేశముగల రసాయనము పట్టించి బెర్బరిన్ అద్దగా, దానిపై స్టాఫిలోకాకస్ తగ్గినది. కావున ఆ మాట బొత్తిగా కల్ల కాదు. కాని అది ప్రయోగశాలలో కొలతప్రకారము అద్దిన గుడ్డ. మన తొట్టిలో రంగు ఎంత పట్టినది, ఎన్ని ఉతుకులకు నిలిచినది అనుదానిని బట్టి గుణముండును. ఎ.ఎ.టి.సి.సి. 100 అను పరీక్షలో గుడ్డపై బాక్టీరియాను వేసి, 24 గంటల తరువాత ఎన్ని మిగిలినవో లెక్కింతురు. ఉతికిన చీర దానిలో నెగ్గిన పిమ్మట ఆ మాట వేయవచ్చును. అంతవరకు "మానుపసుపుతో అద్దినది" అను మాట చాలును. దీనికే ధర పలుకును. లేనిగుణము చెప్పి ఒక్కసారి పట్టుబడితిమా, కొనువారు మన అసలు మూలికారంగును గూడ నమ్మరు.

ఈ కర్ర కషాయమును పసిపిల్లలకు పట్టరాదు. బెర్బరిన్ రక్తములోని బిలిరుబిన్ అను కామెర్ల ద్రవ్యమును ప్రోటీను నుండి విడదీయును; శిశువులలో అది మెదడునకు చేరి ప్రమాదము తెచ్చును. గర్భిణులును తీసికొనరాదు.

దక్షిణాది అంగళ్లలో దారుహరిద్ర అని అడిగినను తరచు మానుపసుపే ఇత్తురు. ఈ తీగ మెల్లగా ఎదుగునది. విరివిగా నరుకుటచే అడవులలో అరుదైపోయినది. కావున ఒకసారి కాచిన ముక్కలను పారవేయక ఎండబెట్టి ఉంచవలెను. రెండవసారి కాచిన నీటిలో పట్టుకు లేతపచ్చ వచ్చును.