పాత ట్రాక్టర్ ట్రాలీ కొంటున్నారా? ముందు చాసిస్ చూడండి

కొత్త ట్రాలీ ధర భరించలేక చాలామంది చిన్న రైతులు పాతది కొంటుంటారు. అందులో తప్పు లేదు. కానీ రంగు, టైర్లు చూసి బేరం కుదుర్చుకోవద్దు. టైర్లు, తొట్టి రేకులు తర్వాతైనా మార్చుకోవచ్చు. బరువంతా మోసే చాసిస్ దెబ్బతింటే పెట్టిన డబ్బు వృథా. ధాన్యం లోడుతో వెళ్తుండగా డ్రాబార్ విరిగితే ప్రాణాలకే ముప్పు.

చూసే ముందు

ట్రాలీని ఖాళీ చేయించి, కడిగించి, ఆరిన తర్వాత పగటిపూట చదునైన నేల మీద చూడండి. హైడ్రాలిక్ ట్రాలీ అయితే, పైకెత్తిన తొట్టికి గట్టి ఆధారం పెట్టకుండా కిందికి వెళ్లకండి.

ఏమేం చూడాలి?

1. పగుళ్లు: డ్రాబార్ చాసిస్‌తో కలిసే చోట, హుక్కు రింగు దగ్గర, కమాను పట్టీల బ్రాకెట్ల దగ్గర వెల్డింగును పరిశీలించండి. రంగు మీద సన్నని ఎర్రటి తుప్పు గీత కనిపిస్తే అక్కడ పగులు ఉన్నట్లు అనుమానించాలి. రింగు అరిగి పలచబడిందేమో కూడా చూడండి.

2. తుప్పు: ఎరువులు, పశువుల పేడ, తడి ఇసుక అడుగు రేకుకూ ఛానళ్లకూ మధ్య చేరి ఇనుమును తినేస్తాయి. స్క్రూడ్రైవర్‌తో గీకండి, సుత్తితో తట్టండి. పొరలుగా రాలినా, మొద్దు శబ్దం వచ్చినా ఇనుము పలచబడినట్లే. పైపై తుప్పు అయితే గీకి, రెడ్ ఆక్సైడ్ పూస్తే సరిపోతుంది.

3. వంకర: చాసిస్ నాలుగు మూలలను టేపుతో ఐమూలగా కొలవండి. రెండు కొలతలూ సమానంగా ఉండాలి. రెండు చక్రాల ట్రాలీకి, రింగు నుంచి ఇరుసు రెండు చివరలకూ దూరం ఒకేలా ఉండాలి. టైర్లు ఒక పక్కనే అరిగితే ఇరుసు వంగి ఉండవచ్చు.

4. అతుకులు: పొడవు ఛానళ్లకు ముక్కలు వేసి వెల్డింగు చేశారంటే ఎక్కువ లోడు మోసి ఒకసారి విరిగిందేమోనని అనుమానించాలి. చాసిస్‌కు మాత్రమే కొత్త రంగు వేసి ఉంటే కారణం అడగండి.

కొనాలా, వద్దా?

బ్రాకెట్ పగులు వంటి చిన్న లోపాలుంటే మరమ్మతు ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. పొడవు ఛానల్ పగిలినా, డ్రాబార్ వంగినా ఆ ట్రాలీ వద్దు. మీకు తెలిసిన వెల్డరును వెంట తీసుకెళ్లడం మంచిది.

ట్రాలీకి ట్రాక్టర్‌తో సంబంధం లేకుండా విడిగా ఆర్‌సీ ఉంటుంది. అందులోని చాసిస్ నంబరు, ఇనుము మీద కొట్టిన నంబరు ఒకటే కావాలి. బ్యాంకు రుణం ఉంటే అది తీరినట్లు పత్రం చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.