బురదలో బలం, తారు మీద భారం

కోల్‌కతా నుంచి డార్జిలింగ్ కొండల్లోని మానేభంజన్‌కు సుమారు 650 కిలోమీటర్లు. అక్కడి నుంచి 3,636 మీటర్ల ఎత్తున ఉన్న సందక్‌ఫూకు మరో 31 కిలోమీటర్లు. రాళ్లు, నిట్టనిలువు మలుపులు ఉండేది ఆ చివరి 31లోనే. అందులోనూ కొంత భాగానికి ఇప్పటికే కాంక్రీటు పడింది. అయినా థార్, జిమ్నీ లాంటి ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నవాళ్లు చాలామంది మొదట మార్చేది టైర్లనే. మార్చాక వాళ్ల నోట వినిపించే మాటలూ దాదాపు ఒకటే: బురదలో బండి భలేగా లాగుతోంది. కానీ హోరు పెరిగింది, మైలేజీ పడిపోయింది, వానలో బ్రేకు వేస్తే భయమేస్తోంది. ఈ అనుభవాలన్నిటికీ ప్రధాన మూలం ఒకటే. టైరు ముఖం మీద రబ్బరు ఎంత, ఖాళీ ఎంత అన్న వాటా.

బటన్లు చేసే పని

టైరు పక్కన హెచ్‌టీ అని ఉంటే అది రోడ్డు కోసం చేసినది. ఎంటీ అంటే బురద కోసం. ఏటీ ఈ రెండింటికీ మధ్యస్థం. హెచ్‌టీలో గాడులు సన్నగా, రబ్బరు ఎక్కువగా ఉంటాయి. ఎంటీలో పెద్ద పెద్ద బటన్లు, అంటే రబ్బరు దిమ్మలు, వాటి మధ్య వెడల్పాటి ఖాళీలు.

బురదలో ఆ ఖాళీకే విలువ. బటన్ మట్టిలోకి దిగినప్పుడు రెండు బటన్ల మధ్య ఒక మట్టిముద్ద ఇరుక్కుంటుంది. చక్రం తిరుగుతూ దాన్ని వెనక్కి నెడుతుంది. ఆ ముద్ద తెగిపోకుండా ఎంత బలానికి ఓర్చుకుంటే బండికి అంత లాగుడు దొరుకుతుంది.

కోల్‌కతా గంగ తెచ్చిపోసిన ఒండ్రు మీద నిలిచిన నగరం. సుందర్‌బన్స్ వైపు వెళ్లేకొద్దీ మట్టి మరింత మెత్తన, మరింత జిగురు. మన నల్లరేగడిలో వానాకాలం నాలుగడుగులు వేస్తే చెప్పు కింద మట్టి అట్టకట్టినట్టే, ఈ బంకమట్టి సన్నని గాడుల్లో నిండిపోతుంది. అప్పుడు టైరు ఎంత ఖరీదైనదైనా గుండు టైరుతో సమానం. ఎంటీలో గాడులు వెడల్పు కాబట్టి చక్రం కాస్త వేగంగా తిరిగితే మట్టి దానంతటదే విసిరేసినట్టు రాలిపోతుంది.

ఇసుకలో పరిస్థితి తలకిందులు. పెద్ద బటన్లు ఇసుకను తవ్వి బండిని కిందికి దింపేస్తాయి. మందార్‌మణి బీచ్‌లో ఒకప్పుడు సరదాగా కార్లు తోలేవారు. ప్రమాదాల తర్వాత అక్కడ వాహనాలను నిషేధించారు.

గాలి తగ్గిస్తే ఏమవుతుంది?

ఖాళీ జిమ్నీ బరువు సుమారు 1,200 కిలోలు. ఒక్కో టైరుపై 300 కిలోలు. టైరులో గాలి 30 పీఎస్‌ఐ ఉందంటే చదరపు సెంటీమీటరుకు 2.1 కిలోల ఒత్తిడి. 300ను 2.1తో భాగిస్తే ఒక్కో టైరు నేలను తాకే వైశాల్యం రమారమి 143 చదరపు సెంటీమీటర్లు. గాలిని 15 పీఎస్‌ఐకి తగ్గిస్తే అది దాదాపు రెట్టింపవుతుంది. ఇసుకలో, మెత్తటి నేలలో బండి దిగబడకుండా కాపాడేది ఈ లెక్కే. పెద్దగా ఖర్చులేని ఈ మార్పు ముందు చాలాసార్లు కొత్త టైర్ల ఖర్చు దండగే.

అయితే తారు ఎక్కగానే గాలి తిరిగి నింపాలి. అరిగిన టైరు నిలిచిన నీటి మీద ఎంత వేగం దగ్గర తేలిపోతుందో చెప్పే ఒక సూత్రాన్ని 1963లో నాసా పరిశోధకులు ఇచ్చారు. ఆ వేగం గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. 30 పీఎస్‌ఐ ఉంటే గంటకు దాదాపు 91 కిలోమీటర్లు. 15 ఉంటే 65 మాత్రమే. పైగా గాలి తక్కువైన టైరు పక్కలు ఎక్కువగా మడతపడి వేడెక్కుతాయి, హైవే మీద పేలిపోవచ్చు.

తారు మీద చెల్లించే మూల్యం

హోరు ఎందుకు? ఒక్కో బటన్ రోడ్డును కొట్టినప్పుడల్లా గాడిలోని గాలి నలిగి, విడుదలవుతుంది. అన్ని బటన్లూ ఒకే కొలతలో ఉంటే ఒకే స్వరంలో ఊళ వినిపిస్తుంది. అందుకే తయారీదారులు బటన్ల పొడవును కావాలనే హెచ్చుతగ్గులుగా పెడతారు.

మైలేజీ ఎందుకు పడుతుంది? రబ్బరు నలిగి తిరిగి లేచేటప్పుడు, తీసుకున్న శక్తి మొత్తాన్ని వెనక్కి ఇవ్వదు. కొంత వేడిగా పోతుంది. ఎత్తైన బటన్లు ఎక్కువ నలుగుతాయి, టైరు బరువూ ఎక్కువ.

వాన సంగతి కాస్త చిక్కు. వెడల్పాటి గాడులు నిలిచిన నీటిని బాగానే తోస్తాయి. కానీ పలచటి తడి ఉన్న రోడ్డుపై తారును తాకే రబ్బరు తక్కువ, బ్రేకు వేయగానే బటన్లు పక్కకు వంగుతాయి. రబ్బరు మిశ్రమానిదీ ఇందులో పాత్ర ఉంది. రాళ్లకు చీలకుండా మొరటు టైర్లలో సహజ రబ్బరు వాటా పెంచుతారు. తడి రోడ్డు పట్టు కోసం కారు టైర్లలో కృత్రిమ రబ్బరు ఎక్కువ వాడతారు.

ఆ సహజ రబ్బరు కథలో కోల్‌కతాకూ ఒక పేజీ ఉంది. బ్రెజిల్ విత్తనాలతో లండన్‌లోని క్యూ ఉద్యానవనంలో మొలిపించిన కొన్ని మొక్కల్ని 1873లో ఇక్కడి బొటానికల్ గార్డెన్‌కు పంపారు. అవి బతకలేదు. దేశంలో తొలి టైర్ల కర్మాగారం మాత్రం 1936లో ఈ నగరానికి దగ్గరలోని సాహాగంజ్‌లో వచ్చింది. ఆ డన్‌లప్ ఫ్యాక్టరీ ఇప్పుడు మూతపడింది.

ఇక వానలో కోల్‌కతా ట్రామ్ పట్టాల మీద జారడానికి ఏ టైరూ మినహాయింపు కాదు. తడిసిన నున్నటి ఉక్కులో బటన్ పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పట్టా మీద బ్రేకు వేయకపోవడమే మందు.

పెద్ద సైజు మోజు

జిమ్నీ టైరు 195/80 ఆర్ 15. అంటే వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 80 శాతం, రిమ్ 15 అంగుళాలు. వ్యాసం 693 మిల్లీమీటర్లు. దాని బదులు 235/75 ఆర్ 15 వేస్తే వ్యాసం 733 దాటుతుంది. నేల నుంచి బండి లేచేది మాత్రం అందులో సగం, 20 మిల్లీమీటర్లే. 2025 సెప్టెంబర్ 23న కోల్‌కతాలో 250 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసినప్పుడు వీధుల్లో నిలిచిన నీటి ముందు ఆ 20 ఏపాటి? ఇంజిన్‌లోకి నీరు పోయేది గాలి పీల్చే గొట్టం నుంచి. టైరు దాన్ని ఆపలేదు. మరోపక్క స్పీడోమీటరు 80 చూపిస్తుంటే బండి 85 దగ్గర పోతుంటుంది. కంపెనీ నిర్దేశాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కూడా.

మానేభంజన్ నుంచి సందక్‌ఫూకు దశాబ్దాలుగా మనుషుల్ని మోసినవి 1950ల నాటి ల్యాండ్ రోవర్లు. ఆ కాలపు బండ్లకు కంపెనీ ఇచ్చిన టైరు వెడల్పు ఆరంగుళాలే. సన్నని టైరు పలచటి బురదను చీల్చుకుని కింది గట్టినేలను అందుకుంటుంది. మిగతా పని తక్కువ గేరుది, డ్రైవరు ఓపికది.

కోల్‌కతాలో ఉండి ఏడాదికి ఒకట్రెండుసార్లు కొండకో అడవికో వెళ్లేవారికి కంపెనీ సైజులోనే మంచి ఏటీ టైరు, ఒక గాలి కొలిచే మీటరు, ఒక చిన్న కంప్రెసరు చాలు. ఎంటీ టైరు వారం వారం బురదలో దిగే పని ఉన్నవారికే. కొత్త టైర్లు కొనేముందు నిరుటి ప్రయాణాలను కాగితం మీద పెట్టి చూసుకోండి: తారు మీద ఎన్ని కిలోమీటర్లు, మట్టిలో ఎన్ని? మీకు కావలసిన టైరేదో ఆ లెక్కే చెబుతుంది.