మంచము పట్టినవారికి ఊరి అండ: కేరళలోని ఉపశమన సేవాసంఘములు

వ్యాధి ముదిరి, శస్త్రచికిత్సకు గాని మందులకు గాని లొంగని స్థితి వచ్చిన పిమ్మట రోగి బంధువులు ఆసుపత్రిలో తఱచుగా వినెడి మాట ఒకటి గలదు: "ఇక చేయదగినది లేదు, ఇంటికి తీసికొనిపొండి." ఈ మాటలో సగమే సత్యము. వ్యాధిని నిర్మూలించుటకు మార్గము లేకపోవచ్చును. కాని నొప్పిని తగ్గించుటకు, పుండును శుభ్రముగా నుంచుటకు, నిద్ర పట్టించుటకు, కుటుంబమునకు ధైర్యము చెప్పుటకు చేయదగిన పని చాల యున్నది. ఆ పనికే ఉపశమన సేవయని పేరు. ఆంగ్లమున దీనిని పాలియేటివ్ కేర్ అందురు.

క్యాన్సరు రోగులకే గాక పక్షవాతముతో కాలుసేయి పడిపోయినవారికి, వెన్నెముక దెబ్బతిని నడుము క్రింద చలనము లేనివారికి, మూత్రపిండములు చెడినవారికి, వార్ధక్యముచే మంచము పట్టినవారికి ఈ సేవ అవసరము. ప్రపంచమున ఏటేట 5 కోట్ల 68 లక్షల మందికి ఉపశమన సేవ కావలసియున్నదనియు, వారిలో సుమారు 14 శాతమునకు మాత్రమే అది లభించుచున్నదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తక్కినవారు తమ బాధను తామే భరించుచున్నారు. వారిలో అధికసంఖ్యాకులు బీద దేశములవారే.

ఈ కొఱతను తీర్చుటకు మన దేశమున కేరళలోని చిన్న చిన్న స్థానిక సంఘములు ఒక మార్గమును చూపినవి. లాభాపేక్ష లేని ఆ సంఘములు పని చేయు విధానము తెలుగువారును తెలిసికొనదగినది.

కోజికోడ్‌లో ఆరంభము

1993వ సంవత్సరమున కోజికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాలలో మత్తుమందు విభాగమునకు చెందిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్‌లు మిత్రులతో గూడి పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ యను సంఘమును నెలకొల్పిరి. నొప్పితో బాధపడు రోగులకు ఆసుపత్రిలోనే ఉచితముగ చికిత్స చేయుట వారి తొలి ఉద్దేశము.

కొలది కాలములోనే వారికొక సంగతి బోధపడెను. ఆసుపత్రికి రాగలిగినవారి కంటె రాలేనివారి అవసరమే ఎక్కువ. నొప్పి మిక్కుటమైనవాడు బస్సెక్కలేడు. అతనిని కారులో తెచ్చుటకు ఇంట డబ్బు లేదు. తోడుగా వచ్చువారికి ఆనాటి కూలి పోవును. కాబట్టి రోగి యొద్దకే సేవ పోవలెను. అయితే వైద్యులు గాని, నర్సులు గాని ప్రతి ఊరికి, ప్రతి ఇంటికి ఎట్లు పోగలరు? ఉన్నవారు కొలదిమంది, రోగులు వేలకొలది.

ఈ చిక్కునకు పరిహారము ఊళ్లలోనే లభించినది. 1990ల చివరి భాగమున మలప్పురము, కోజికోడ్, వయనాడు, త్రిస్సూరు జిల్లాలలో స్థానికులే సంఘములుగా ఏర్పడసాగిరి. క్రమముగా వీటిని కలిపి ఇరుగుపొరుగు ఉపశమన సేవా వ్యవస్థ యను ఒక ఏర్పాటు రూపొందినది. ఉపాధ్యాయులు, విద్యార్థులు, చిన్న వ్యాపారులు, రైతులు, గృహిణులు, ఉద్యోగవిరమణ చేసినవారు ఇందులో చేరిరి. వేర్వేరు మతములవారు, వేర్వేరు రాజకీయ పక్షములవారు ఒకే సంఘమున పని చేయుట ఈ ఏర్పాటునందలి విశేషము.

పని విభజన

దీర్ఘవ్యాధి వైద్యసమస్య మాత్రమే కాదు; దానిలో అధికభాగము సంఘసమస్య యనునది ఈ సంఘములకు ఆధారమైన భావన. మందు వ్రాయుట వైద్యుని పని. పుండు కడుగుట, మూత్రపు గొట్టము మార్చుట నర్సు పని. రోగి చెంత కూర్చుండి మాటలాడుట, అతని ఇంట బియ్యము ఉన్నదో లేదో కనుగొనుట, పింఛను దరఖాస్తు వ్రాసిపెట్టుట పొరుగువారు చేయదగిన పనులు. ఎవరి పని వారు చేసినచో వైద్యుని కాలము వృథా కాదు. రోగియు ఒంటరి కాడు.

వారమునకు కనీసము రెండు గంటలు వెచ్చింపగలవారిని స్వచ్ఛంద సేవకులుగా చేర్చుకొందురు. వారికి 16 గంటల పాఠములును, అనుభవజ్ఞుల వెంట నాలుగు దినముల ప్రత్యక్ష శిక్షణయును ఇచ్చు పద్ధతి ఏర్పడినది. రోగి చెప్పునది ఓర్పుతో వినుట, అడుగని సలహాలు ఇయ్యకుండుట, ఇంటి రహస్యములను బయట చెప్పకుండుట ముఖ్యముగ నేర్పవలసిన విషయములు. "మీకేమియు భయము లేదు, తగ్గిపోవును" అని అబద్ధపు ధైర్యము చెప్పుట కంటె, రోగి అడిగిన ప్రశ్నకు అతడు సహింపగలిగినంత మేరకు నిజము చెప్పుట మేలు.

ఇంటివద్ద జరుగు సేవ

నర్సును సేవకులును ఒక బండిలో బయలుదేరి ఇంటింటికి పోవుదురు. చూడబోయిన చిన్న పనులే రోగికి పెద్ద మేలు చేయును. కదలలేని రోగిని రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టినచో, చర్మమును పొడిగా నుంచినచో పడక పుండ్లు చాలవఱకు రావు. ఈ సంగతి తెలియక ఎందఱో రోగులు అసలు వ్యాధి కంటె ఈ పుండ్లచేతనే ఎక్కువ బాధపడుదురు. క్యాన్సరు పుండునుండి వచ్చు దుర్వాసన వలన రోగి సిగ్గుపడి, తన పిల్లలనే దగ్గఱకు రానీయడు. నర్సు సూచన ప్రకారము మెట్రోనిడజోల్ మాత్రలను మెత్తగా నూరి ఆ పుండుపై చల్లినచో వాసన తగ్గును. మనుమలు మరల మంచము దగ్గఱకు వత్తురు.

నోరు శుభ్రపఱచుట, గొట్టముగుండ ఆహారము పోయుట, వాచిన చేతికి కట్టు కట్టుట మొదలగువానిని నర్సు తాను చేయుటతో సరిపెట్టక ఇంటివారికి నేర్పును. ఆమె వారమునకో, పక్షమునకో ఒకసారి వచ్చును. తక్కిన దినములలో సేవ చేయవలసినది ఇంటివారే గదా. వారిలోను ఈ భారము ఎక్కువగ మోయునది స్త్రీయే. రాత్రింబవళ్లు మేల్కొని అలసిన ఆమెకు ఒక పూట విశ్రాంతి దొరకుట కూడ ఈ సేవలో ఒక భాగము.

అన్నము కూడ చికిత్సయే

ఇంట సంపాదించువాడు మంచము పట్టినచో వ్యాధి ఆ కుటుంబమునంతటిని పట్టుకొనును. పుస్తెలు తాకట్టు పడును. అప్పు పెరుగును. పెద్దపిల్ల చదువు మాని తల్లికి సాయముగా నుండును. ఇట్టి ఇంట మందుల పొట్లము మాత్రమే యిచ్చి వచ్చినచో, రోగి మందు కొఱకు ఉంచిన డబ్బుతో బియ్యము కొనవలసివచ్చును. లేదా ఆకలితో మందు మ్రింగవలసివచ్చును.

అందుచేత కేరళ సంఘములు రోగుల కుటుంబములకు బియ్యము, పప్పు మొదలగు వస్తువులను, పిల్లలకు పుస్తకములను, బడి ఖర్చులను సమకూర్చుచున్నవి. మంచము మీదనే కూర్చుండి చేయదగిన చేతిపనులను కొందఱికి నేర్పుచున్నవి. చక్రపు కుర్చీ, గాలి పరుపు వంటి సామగ్రిని ఎరువిచ్చి, పని తీరిన పిమ్మట తిరిగి తీసికొని మఱియొక ఇంటికి ఇచ్చుచున్నవి.

దీనికి డబ్బు ఎక్కడనుండి వచ్చును? దినమునకు ఒక రూపాయి చొప్పున ఇచ్చువారు, అంగళ్లలో ఉంచిన డబ్బాలలో చిల్లర వేయువారు, పాఠశాలలలోను కళాశాలలలోను చందా వసూలు చేయు విద్యార్థులు ఈ సంఘములను పోషించుచున్నారు. ఒకే ధనికుని దానముపై ఆధారపడిన సంఘము ఆయన మనస్సు మారినచో మూతపడవచ్చును. వేలమంది రూపాయిలతో నడచు సంఘమునకు ఆ భయము తక్కువ. అంతేగాక, రూపాయి ఇచ్చిన ప్రతివాడును అది తన సంఘమని తలంచి లెక్క అడుగును.

మార్ఫీను సంగతి

క్యాన్సరు నొప్పి తీవ్రమైనపుడు సామాన్యమైన మాత్రలు చాలవు. మార్ఫీను అవసరమగును. ఇది నల్లమందునుండి తీసిన ఔషధము. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో ప్రభుత్వ అనుమతితో గసగసాల మొక్కలను పెంచి నల్లమందు తీయుచున్నారు. మన నల్లమందు విదేశములకు పోయి అచట మందుగా మారినది. మన రోగులకు మాత్రము అది దుర్లభమైనది.

కారణమేమనగా, మాదకద్రవ్యముల దుర్వినియోగమును అరికట్టుటకు 1985లో చేసిన చట్టము వలన ఆసుపత్రులు మార్ఫీను ఉంచుకొనుటకు పెక్కు లైసెన్సులు పొందవలసివచ్చెను. ఒక లైసెన్సు చేతికి వచ్చునప్పటికి మఱియొక దాని గడువు తీరెడిది. ఆసుపత్రులు ఆ బాధ పడలేక మందునే మానివేసినవి. దేశమున వైద్యమునకు వాడిన మార్ఫీను 1997 నాటికి ఏడాదికి 20 కిలోగ్రాముల లోపునకు పడిపోయెను. అంత పెద్ద దేశమునకు అది లెక్కలోనికి రాదు.

ఉపశమన సేవలో నున్న వైద్యులును స్వచ్ఛంద సంఘములును అనేక సంవత్సరములు పట్టువిడువక ప్రభుత్వములకు ఈ సంగతి విన్నవించుకొనిరి. కేరళ తన నియమములను ముందుగానే సరళము చేసినది. 2014లో పార్లమెంటు చట్టమును సవరించి దేశమంతటికి ఒకే విధమైన నియమములు ఏర్పడుటకు వీలు కల్పించినది.

మార్ఫీను పేరు వినగానే అలవాటు పడుదురని కొందఱు భయపడుదురు. వైద్యుని పర్యవేక్షణలో నొప్పికి తగిన మోతాదు నోటిద్వారా తీసికొన్నచో ఆ భయమునకు కారణము మిక్కిలి తక్కువ. సామాన్యమైన మాత్ర పని సుమారు నాలుగు గంటలుండును. కనుక నొప్పి వచ్చువఱకు ఆగక, గడియారము చూచి వేళకు మ్రింగవలెను. మలబద్ధము కలుగును గావున దానికి తగిన మందు కూడ వైద్యుడు ఇచ్చును. మోతాదును సొంతముగ పెంచరాదు, హఠాత్తుగా మానరాదు, మిగిలిన మాత్రలను ఇతరుల కీయరాదు.

ప్రభుత్వము చేయి కలిపిన తీరు

ఊరి సంఘములు ఎంత శ్రద్ధగ పనిచేసినను రాష్ట్రమంతటికి సేవ అందించుట వానివలన కాదు. కేరళ ప్రభుత్వము 2008లో ఉపశమన సేవ కొఱకు ప్రత్యేక విధానమును ప్రకటించినది. గ్రామపంచాయతీలు నర్సులను నియమించి, ఇంటింటి సేవకు తమ నిధులనుండి ఖర్చు పెట్టసాగినవి. ఊరివారు ఆరంభించిన పని ఈ విధముగ పంచాయతీ బాధ్యతగా మారినది. జనాభాలో దేశమున సుమారు 3 శాతము మాత్రమే యున్న కేరళ, దేశములోని ఉపశమన సేవలో మూడింట రెండు వంతులు అందించుచున్నదని 2010లో వెలువడిన ఎకానమిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ నివేదిక పేర్కొన్నది. ఇది కేరళకు కీర్తి. తక్కిన రాష్ట్రములకు హెచ్చరిక.

2012లో కేంద్ర ఆరోగ్యశాఖ జాతీయ ఉపశమన సేవా కార్యక్రమమును రూపొందించినది. 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానమునందును ఈ సేవకు స్థానము లభించినది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఉపశమన విభాగము గలదు. తెలంగాణ ప్రభుత్వము జిల్లాలలోను ఇట్టి కేంద్రములను తెఱచినది.

లోపములును గలవు

కేరళ ఏర్పాటునందును చిక్కులు లేకపోలేదు. సేవకుల ఉత్సాహము ఎల్లకాలము ఒకే తీరున నుండదు. సమర్థులున్న ఊరిలో సంఘము బాగుగ నడచును. లేని ఊరిలో పేరుకే మిగులును. పంచాయతీ నర్సు ఒక దారిని, సంఘము నర్సు మఱియొక దారిని పోవుచో ఒకే ఇంటికి ఇరువురు పోయి, ప్రక్క ఇంటికి ఎవ్వరును పోకుండుట జరుగవచ్చును. అక్షరాస్యత, బలమైన పంచాయతీలు గల ఆ రాష్ట్రపు పద్ధతిని మఱియొక చోట ఉన్నదున్నట్లు నాటుట సాధ్యము కాదు. ఢిల్లీలో 1996లో ఏర్పడిన క్యాన్ సపోర్ట్ సంస్థ, మహానగరమునకు తగినట్లు, వైద్యుడు, నర్సు, సలహాదారు గల బృందములను క్యాన్సరు రోగుల ఇండ్లకు ఉచితముగ పంపుచున్నది. ఏ చోటికి తగిన పద్ధతి ఆ చోటివారే కనుగొనవలెను.

మన ఊళ్లలో చేయదగినది

తెలుగు నాట మహిళా సంఘములు, యువజన సంఘములు లేని గ్రామము అరుదు. అవి మొదట చేయవలసిన పని, తమ ఊరిలో మంచము పట్టినవారెందఱో ఆశా కార్యకర్త సాయముతో తెలిసికొనుట. చాల ఊళ్లలో ఈ లెక్క ఎవరియొద్దను లేదు. పిమ్మట ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునితో మాటలాడి, ఆయన సలహా ప్రకారమే పని సాగింపవలెను. నలుగురైదుగురు శిక్షణ పొందిన తరువాతనే ఇండ్లకు పోవలెను. వసూలైన ప్రతి రూపాయికిని, ఖర్చైన ప్రతి రూపాయికిని లెక్క వ్రాసి నెలకొకసారి అందఱి యెదుట చదువవలెను. సేవకులు స్వయముగ మందులు ఇయ్యరాదు. నాటు వైద్యములను, ఖరీదైన చికిత్సలను సిఫారసు చేయరాదు. మతప్రచారమునకు గాని, ఎన్నికల ప్రచారమునకు గాని రోగి మంచమును వేదికగా చేసికొనరాదు.

ఒక గాలి పరుపు, ఒక చక్రపు కుర్చీ, గడియారము చూచి మందు వేయుట నేర్చిన ఒక కోడలు, వారమునకొకసారి తలుపు తట్టు ఒక పొరుగువాడు: ఇంతమాత్రముతోనే పని మొదలు పెట్టవచ్చును. ఇట్లు మొదలైన ఊరిలో "ఇక చేయదగినది లేదు" అను మాట విని ఇల్లు చేరిన రోగికి, మఱునాడు ఏమి చేయవలెనో చెప్పువారు ఒకరైన ఉందురు.