పునఃస్మరణమే అభ్యసనం: విశ్వవిద్యాలయ విద్యార్థికి స్మృతి శాస్త్రం

విశ్వవిద్యాలయ స్థాయిలో అభ్యసన నైపుణ్యమంటే, చదివిన విషయాన్ని అర్థం చేసుకొని, మనసులో నిలుపుకొని, అవసరమైన వేళ పుస్తకం సాయం లేకుండా పైకి తెచ్చుకొని, మునుపు ఎదురుకాని సందర్భానికి అన్వయించగల సామర్థ్యం. ఈ నాలుగింటిలో మన విద్యార్థులు తమ కాలాన్ని దాదాపు అంతా మొదటి రెండింటికే వెచ్చిస్తారు. మూడవది పరీక్ష హాలులో దానంతటదే జరిగిపోతుందని, నాలుగవది పుట్టుకతో వచ్చిన తెలివితేటలకు సంబంధించినదని భావిస్తారు. స్మృతి మీద నూట నలభై ఏళ్లుగా సాగుతున్న పరిశోధన చెప్పేది ఇందుకు భిన్నం. జ్ఞాపకం నుంచి విషయాన్ని పైకి తెచ్చే ప్రయత్నమే అభ్యసనంలో అత్యంత ఫలవంతమైన భాగం. దాన్ని పరీక్ష రోజు వరకు వాయిదా వేసినవారు చదువులో ప్రధాన భాగాన్ని వదిలివేసినట్టే.

మనోవిజ్ఞాన శాస్త్రం స్మృతిని మూడు దశలుగా విభజిస్తుంది. ఇంద్రియాల ద్వారా అందిన సమాచారం మెదడు నిలువ చేసుకోదగిన రూపం పొందడం సంకేతీకరణ. ఆ రూపం కాలంతో పాటు నిలిచి ఉండడం ధారణ. దాన్ని తిరిగి చైతన్యంలోకి తెచ్చుకోవడం పునఃస్మరణ. పునఃస్మరణకు పక్కనే మరొక ప్రక్రియ ఉంది. కళ్లెదుట ఉన్నదాన్ని ఇదివరకు చూసినదిగా పోల్చుకోవడం గుర్తింపు. ఈ రెండింటి తేడా గ్రహించకపోవడమే కష్టపడి చదివే ఎంతోమంది విద్యార్థుల నిరాశకు మూలం. ఉష్ణగతిక శాస్త్రంలో కార్నో చక్రాన్ని మూడోసారి చదువుతున్న విద్యార్థికి సమోష్ణోగ్రతా వ్యాకోచం, స్థిరోష్ణక వ్యాకోచం, సమోష్ణోగ్రతా సంకోచం, స్థిరోష్ణక సంకోచం అనే నాలుగు దశలూ సుపరిచితంగా కనిపిస్తాయి. ప్రతి వాక్యమూ చదవకముందే తెలిసినట్టు అనిపిస్తుంది. పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద పీడన–ఘనపరిమాణ రేఖాచిత్రం గీయమంటే రెండవ దశ దాటాక కలం ఆగిపోతుంది. ఉష్ణం ఏ దశలో లోపలికి వస్తుంది, ఏ దశలో చల్లని ఉష్ణాశయంలోకి పోతుంది, మిగతా రెండు దశల్లో ఉష్ణ వినిమయం ఎందుకు ఉండదు అన్న ప్రశ్నలకు జవాబు పేజీలో ఉంది, మనసులో లేదు. ఆ విద్యార్థికి కలిగినది గుర్తింపు. పరీక్షలోనూ, ఆ తరువాత వృత్తిలోనూ కావలసినది పునఃస్మరణ.

విస్మృతిని తొలిసారి కొలతలకు లొంగదీసినవాడు జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్. పూర్వ పరిచయం ఫలితాన్ని ప్రభావితం చేయకుండా ఆయన సుమారు 2,300 అర్థరహిత పదాంశాలు కూర్చుకొని, తన మీదనే ప్రయోగాలు జరిపి, ఫలితాలను 1885లో ప్రచురించాడు. ఒకసారి కంఠస్థమైన జాబితాను కొంతకాలం తరువాత మళ్లీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గిందో లెక్కించడం ఆయన పద్ధతి. దీనినే పొదుపు పద్ధతి అంటారు. ఈ పొదుపు 20 నిమిషాల తరువాత సుమారు 58 శాతం, గంట తరువాత 44 శాతం, ఒక రోజు తరువాత 34 శాతం, నెల తరువాత 21 శాతం. అర్థవంతమైన పాఠం ఇంత వేగంగా చెరిగిపోదు. కానీ వక్రరేఖ ఆకృతి ముఖ్యం: మొదట నిట్టనిలువుగా పడి, తరువాత నెమ్మదిస్తుంది. తరగతిలో విన్న పాఠాన్ని ఆ సాయంత్రం గాని, మరునాడు గాని ఒకసారి తలపోసుకోవలసిన ఆవశ్యకత ఈ ఆకృతిలోనే ఉంది.

అయితే తలపోసుకోవడమంటే తిరిగి చదవడమా? ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే విద్యార్థులకు ఒక శాస్త్ర విషయక గద్యభాగం ఇచ్చారు. ఒక వర్గం నాలుగు విడతలూ దాన్ని చదువుతూనే గడిపింది. మరొక వర్గం ఒక విడత చదివి, మిగిలిన మూడు విడతల్లో పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాసింది. ఐదు నిమిషాల తరువాత జరిపిన పరీక్షలో చదువుతూ గడిపినవారే ముందున్నారు: వారికి 83 శాతం, రెండవ వర్గానికి 71 శాతం. వారం గడిచాక స్థానాలు తారుమారయ్యాయి: చదివినవారు 40 శాతానికి పడిపోగా, రాసి చూసుకున్నవారు 61 శాతం నిలుపుకున్నారు. మొదటి వర్గం ఆ భాగాన్ని సగటున పద్నాలుగు సార్లు చదివింది, రెండవ వర్గం మూడు నాలుగు సార్లకు మించి చదవలేదు. అయినా తమకు బాగా గుర్తుంటుందన్న ధీమా మొదటి వర్గానికే ఎక్కువ. విద్యార్థి ఈ ఒక్క వాస్తవాన్ని లోతుగా ఆలోచించాలి. చదువుతున్నప్పుడు కలిగే సౌలభ్యం ధారణకు కొలమానం కాదు; చాలాసార్లు అది తప్పుదారి చూపుతుంది. రంగు కలంతో గీతలు గీయడం, పదే పదే చదవడం తక్కువ ప్రయోజనం గల పద్ధతులని, స్వయం పరీక్ష, విరామ అభ్యసనం అధిక ప్రయోజనం గలవని జాన్ డన్లాస్కీ బృందం 2013లో పది అభ్యసన పద్ధతుల మీద వెలువరించిన సమీక్ష నిర్ధారించింది.

ఈ సూత్రానికి నిదర్శనం కోసం తెలుగువారు దూరం వెళ్లనక్కరలేదు. అష్టావధానంలో సమస్య, దత్తపది వంటి అంశాల పద్యాలను అవధాని ఒకేసారి పూర్తి చేయడు. ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదం చెబుతాడు. రెండు పాదాల మధ్య ఇతర పృచ్ఛకుల ప్రశ్నలు, అప్రస్తుత ప్రసంగం వచ్చి పడతాయి. రెండవ పాదం అల్లాలంటే మొదటి పాదాన్ని ఆ గందరగోళం నుంచి వెలికి తీయాలి. నాలుగు ఆవృత్తులు ముగిసి అన్ని పద్యాలనూ వరుసగా అప్పగించే వేళకు, ప్రతి పాదమూ విరామంతో, అవరోధాల నడుమ మళ్లీ మళ్లీ స్మరణకు వచ్చి ఉంటుంది. అవధాని ప్రతిభను ఇది తక్కువ చేయదు. ఆ ప్రతిభ ఎటువంటి అభ్యాస క్రమంలో పదునెక్కుతుందో చూపుతుంది.

విరామ అభ్యసనమంటే ఒకే విషయానికి కేటాయించిన కాలాన్ని ఒక్క చోట కుప్ప వేయక, రోజుల వ్యవధితో పంచడం. నికొలాస్ సెపీడా బృందం 2008లో ప్రచురించిన విస్తృత ప్రయోగం ప్రకారం, తగిన విరామం పరీక్ష ఎంత దూరాన ఉందన్న దానిపై ఆధారపడుతుంది: వారం తరువాతి పరీక్షకు ఆ గడువులో 20 నుంచి 40 శాతం, ఏడాది తరువాతి పరీక్షకు 5 నుంచి 10 శాతం. కనుక వారంలో మిడ్ పరీక్ష ఉన్నవారు రెండు రోజుల ఎడంతో, గేట్ వంటి ఏడాది దూరపు పరీక్షకు సిద్ధమయ్యేవారు మూడు నుంచి ఐదు వారాల ఎడంతో అదే అధ్యాయానికి తిరిగి రావాలి. పరీక్ష ముందు రాత్రి ఆల్-ఇన్-వన్ గైడు తిరగేసినవారు నిజంగానే గట్టెక్కుతారు. తరువాతి సెమిస్టర్ పాఠ్యాంశం ఆ పునాది మీద నిలబడవలసి వచ్చినప్పుడు వారి ఇబ్బంది మొదలవుతుంది.

గణిత ప్రధానమైన విషయాల్లో మరొక సూత్రం పనిచేస్తుంది. వేర్వేరు రకాల లెక్కలను కలగలిపి సాధన చేయడమే అది; దాన్ని మిశ్రమ అభ్యాసం అనవచ్చు. పదార్థ దృఢత్వ శాస్త్రంలో రెండు కొసలా ఆనుకున్న దూలం మీద ఏకరీతి భారం ఉంటే గరిష్ఠ వంపు భ్రామకం, ఏకాంక పొడవుపై భారాన్ని దూలం పొడవు వర్గంతో గుణించిన లబ్ధంలో ఎనిమిదవ వంతు, అదీ దూలం మధ్యలో. ఒక కొస గోడలో బిగించిన కాంటిలీవర్‌కైతే అదే లబ్ధంలో సగం, బిగింపు వద్ద. మొదటి రకం లెక్కలు పది వరుసగా చేసిన విద్యార్థి పదకొండవదాన్ని ఆలోచించకుండానే చేస్తాడు, ఎందుకంటే ఏ సూత్రం వాడాలో అధ్యాయం శీర్షికే చెబుతోంది. ప్రశ్నపత్రంలో శీర్షిక ఉండదు. డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో ఘనాకృతుల ఘనపరిమాణాల లెక్కలతో దీన్ని పరీక్షించారు. రకాల వారీగా అభ్యాసం చేసినవారికి సాధన సమయంలో 89 శాతం, కలగలిపి చేసినవారికి 60 శాతం వచ్చాయి. వారం తరువాత మొదటివారు 20 శాతం, రెండవవారు 63 శాతం సాధించారు. లెక్క చేయడం ఎంత అవసరమో, లెక్క ఏ జాతిదో నిర్ణయించడం అంతే అవసరం.

తెలుగు మాధ్యమంలో చదివి విశ్వవిద్యాలయంలో తొలిసారి ఇంగ్లిషు పాఠ్యపుస్తకం చేతపట్టిన విద్యార్థులకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. అర్థం పూర్తిగా అందనప్పుడు వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు బట్టీ పట్టాలన్న ప్రలోభం సహజం, కానీ అలా నిలిచినది ప్రశ్న రూపం కాస్త మారగానే చేజారుతుంది. మిషెలీన్ చీ బృందం 1989లో భౌతికశాస్త్ర విద్యార్థులను పరిశీలించి, చేసి చూపిన లెక్కలోని ప్రతి మెట్టూ ఎందుకు వచ్చిందో తమకు తామే వివరించుకున్నవారు తరువాత లెక్కలు బాగా చేయగలిగారని గమనించింది. ఈ స్వీయ వివరణ ముందు తెలుగులో జరగాలి. హాస్టల్ గదిలో తోటి విద్యార్థికి చెప్పినట్టుగా సాగాలి. ఆ తరువాతే ఇంగ్లిషులో రాయాలి. మాతృభాషలో ఆలోచించడాన్ని లోపంగా చూసే అధ్యాపకులు విద్యార్థికి అపకారం చేస్తున్నారని నా దృఢమైన అభిప్రాయం.

స్వయం పరీక్షకు ఒక షరతు ఉంది: సరిదిద్దుకోవడం. పుస్తకం మూసి రాసినదాన్ని వెంటనే మూలంతో పోల్చి, వదిలిపోయినవాటినీ తప్పుపోయినవాటినీ వేరే సిరాతో ఆ కాగితం మీదే చేర్చాలి. లేకుంటే తప్పే పాతుకుపోయే ప్రమాదం ఉంది. మూడు రోజుల తరువాత కూర్చున్నప్పుడు పాఠం మొదటి నుంచి చదవకుండా, ఆ రెండో సిరాలో ఉన్న అంశాలతోనే, అదీ కాగితం చూడకుండా, మొదలుపెట్టాలి.