ప్రాణదాతను పట్టిన బూజు

ఈశాన్య ఋతుపవనం వచ్చిందంటే పుదుచ్చేరి ఇళ్లలో పుస్తకాల అట్టలకు బూజు పడుతుంది. ఎండలో పెట్టి దులిపితే పోతుంది. కాని ఆ బూజుకు దూరపు చుట్టమైన ఒక సూక్ష్మజీవి, మనిషి గుండెలో అమర్చిన తీగెను పట్టుకొంటే దులిపే ఉపాయమేది?

లయ తప్పిన గుండెను దారికి తెచ్చే పరికరం పేస్‌మేకర్. 1958లో స్వీడన్‌లో దానిని తొలిసారిగా శరీరంలో ధరించిన ఆర్నె లార్సన్, పరికరాలు మార్పించుకొంటూ 2001 వరకు, 86 ఏళ్లు జీవించాడు. 1823 నాటి ఫ్రెంచి వైద్య పాఠశాల నుంచి ఎదిగిన పుదుచ్చేరి జిప్మర్ వంటి వైద్యాలయాల్లో నేడది పరిపాటి అయిన చికిత్స.

ఈ ప్రాణదాతను అరుదుగా ఆశ్రయించే శత్రువు కాండిడా అనే శిలీంధ్రం. ఆరోగ్యవంతుల నోటిలో, పేగులలో అది అణగిమణగి ఉంటుంది. మధుమేహం, మూత్రపిండాల వ్యాధి, దీర్ఘకాలపు యాంటీబయాటిక్స్ వాడకం, సిరలో రోజుల తరబడి ఉంచిన గొట్టాలు దానికి ద్వారాలు తెరుస్తాయి. రక్తంలో చేరి, తీగెపై జిగురు పొర అల్లుకొని, మందుకు సులువుగా లొంగని కోట కట్టుకొంటుంది.

వెనిజులా మట్టిలోని సూక్ష్మజీవి నుంచి 1950లలో లభించిన ఆంఫోటెరిసిన్ బి నేటికీ ప్రధానాయుధమే. మూత్రపిండాలను బాధించే దాని స్వభావం, కొవ్వు పొరలో పొదిగిన కొత్త రూపంలో కొంత తగ్గింది. అయినా మందొక్కటే చాలదు. పరికరాన్ని తీగెలతో సహా తొలగించాలనీ, వ్యాధి తీగెలకు పాకి ఉంటే ఆ తరువాత కనీసం 6 వారాలు మందు కొనసాగించాలనీ 2016 నాటి అమెరికా నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఏ బలహీనత శిలీంధ్రానికి తావిచ్చిందో, అదే శస్త్రచికిత్సనూ ప్రమాదకరం చేస్తుంది. ఏళ్ల తరబడి ఉన్న తీగె సిరకూ గుండె గోడకూ అతుక్కుపోతుంది, లాగితే చిరగవచ్చు. ఉంచితే వ్యాధి మిగులుతుంది. అందుకే నిపుణులు సాధారణంగా తొలగింపు వైపే మొగ్గుతారు. అంతవరకు తాత్కాలిక తీగెతో గుండెను నడిపి, రక్తం శుభ్రపడ్డాక, అవసరమైతే మరోచోట కొత్త పరికరం అమరుస్తారు. రక్తాన్ని తోడే యంత్రం వలె తీయ వీలులేని పరికరమైతే, అది ఉన్నంతకాలం మందు తప్పదు.

రోగి చేయగలిగినది స్వల్పమే, కాని విలువైనది. పరికరం ఉన్నచోట వాపు, ఎరుపు, చీము కనిపించినా, విడువని జ్వరం వచ్చినా సొంత వైద్యం మాని, అమర్చిన వైద్యుని దగ్గరకు వెళ్లాలి. ఆలస్యం చేసిన ప్రతిదినమూ ఆ కోటకు మరొక వరుస ఇటుక.